మిరపకాయ వెంట బుడాపెస్ట్ దాకా

మా ఇల్లు తిరుపతిలో కాబట్టి బంధువుల్లో ఎవరు కొండకు వచ్చినా ముందు మాకే ఫోన్ చేస్తారు. "రెండు రోజులే ఉంటాం, ఏమేం చూడొచ్చు?" అని అడుగుతారు. ఇరవై ఏళ్లుగా నేను చెప్పే జవాబు ఒక్కటే. మొదటి రోజు పూర్తిగా దర్శనానికి వదిలేయండి, రెండో రోజు పొద్దున తిరుచానూరు, సాయంత్రం కాళహస్తి, అంతకుమించి పెట్టుకోకండి. ఎవరూ వినరు. ఒక్క రోజులోనే తిరుచానూరు, శ్రీనివాసమంగాపురం, కాళహస్తి, కాణిపాకం చుట్టేసి, రాత్రి పదకొండుకి మా ఇంటికొచ్చి కాళ్లు లాగేస్తున్నాయంటూ సోఫాలో వాలిపోతారు. ఏ గుడిలో ఏం చూశారని అడిగితే క్యూలైను గురించే చెబుతారు.

2025 మే నెలలో నేను, మా ఆయన, చిత్తూరులో ఉండే మా అక్క హంగరీ రాజధాని బుడాపెస్ట్‌కి వెళ్లొచ్చాం. అక్కడ ఉన్నది ఐదు రాత్రులు. వాటి కోసం జనవరి నుంచి కూర్చొని పని చేశాను. చుట్టాలకు చెప్పే మాటను నేను నిలబెట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

బుడాపెస్టే ఎందుకని అందరూ అడిగారు. నేను డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్తాను. వంకాయ, టమాటా, మిరప ఉండే సొలనేసి కుటుంబం పాఠం వచ్చినప్పుడల్లా ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జీ కథ చెప్పడం నాకు అలవాటు. ఆయన 1893లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. తర్వాత సెగెడ్ అనే ఊళ్లో ప్రొఫెసర్‌గా పనిచేశాడు. ఒక రాత్రి భోజనంలో భార్య పచ్చి పప్రికా కాయలు, అంటే వాళ్ల మిరపకాయలు పెడితే, తినబుద్ధి కాక, పరీక్ష చేసి చూద్దామని ల్యాబుకి పట్టుకుపోయానని ఆయనే రాసుకున్నాడు. అర్ధరాత్రికల్లా ఆ కాయల నిండా విటమిన్ సి ఉన్నట్టు తేలింది. అప్పటిదాకా కొద్ది గ్రాములు తీయడమే గగనమైన పదార్థాన్ని కొన్ని వారాల్లో కిలోకు పైగా తీశాడు. 1937లో నోబెల్ బహుమతి వచ్చింది.

వాళ్ల పప్రికా, మన గుంటూరు మిరప ఒకే జాతి మొక్కలు, రెండూ కాప్సికమ్ ఆన్యువమ్. పుట్టిల్లు అమెరికా ఖండం. మన దగ్గరికి పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చింది, హంగరీకి ఒట్టోమన్ తుర్కుల కాలంలో చేరింది. మనం కారాన్ని అలాగే ఉంచుకున్నాం. వాళ్లు తరాల తరబడి ఏరి ఏరి, కారం తగ్గించి రంగునూ తీపినీ పెంచుకున్నారు. ఇరవై ఏళ్లు పాఠంలో చెప్పిన ఈ సంగతిని ఒక్కసారి వాళ్ల బజారులో నిలబడి చూడాలని నాకు ఉండేది.

అక్కకు చెబితే, "మిరపకాయ చూసేదానికి విమానమెక్కి పోవాలా మే? గుంటూరు యార్డుకు పోతే చాలదా?" అంది. కానీ మర్నాడు పొద్దున్నే తనే ఫోన్ చేసి, తన పాస్‌పోర్టు ఇంకా ఆరేళ్లు చెల్లుతుందని చెప్పింది. వస్తానని అక్క చెప్పే తీరు అదే.

మా ఆయన ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర నుంచి కాగితం పట్టుకొచ్చారు. ఎనిమిది రోజుల్లో ఐదు దేశాలు. బుడాపెస్ట్‌కి అందులో దొరికింది ఒక రాత్రి, ఒక పూట. రాత్రి డాన్యూబ్ నది మీద పడవలో భోజనం, పొద్దున బస్సు కిటికీలోంచి కోట, మధ్యాహ్నానికి వియన్నా. "అంత డబ్బు పోసి ఒక్క ఊరేనా? వియన్నా రైల్లో మూడు గంటలు కూడా లేదు" అని ఆయన వాదన. అది తీసిపారేసే మాటేమీ కాదు. జీవితంలో మళ్లీ అటు పోతామో లేదో తెలియని వాళ్లకు అన్నీ చూసేయాలని ఉంటుంది. మా చుట్టాలు కాణిపాకం దాకా పరుగెత్తేదీ అందుకే. ఆ రాత్రి కాగితం పక్కన పెట్టి, ఎనిమిది రోజుల్లో బస్సులో ఎన్ని గంటలు కూర్చోవాలో కూడి చూశాను. మేలుకొని ఉండే సమయంలో మూడో వంతుకు పైగా సీటు బెల్టులోనే పోతోంది. అక్కకు అరవై నాలుగేళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. ఆ లెక్క చూపించాక మా ఆయన ఇంకేమీ అనలేదు.

అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. రోజుకు ఒక పెద్ద చోటు, ఒక మంచి భోజనం, రెండింటికీ మధ్య కనీసం గంట సేపు ఎక్కడైనా కూర్చోవడం. చోటు, భోజనం ఒకే పేటలో ఉండాలి. పొద్దున నదికి ఇటు చూసి, మధ్యాహ్నం తిండికి అటు పోయి, మళ్లీ ఇటు రావడం ఉండకూడదు. వినడానికి చిన్న నియమమే గానీ, ఇరవై మూడు పేర్లున్న నా జాబితా దీని దెబ్బకు తొమ్మిదికి వచ్చింది. వియన్నా పోయింది. 1926లో రవీంద్రనాథ్ ఠాగూర్ గుండె చికిత్స కోసం ఉన్న బాలాటన్‌ఫ్యురెడ్ అనే ఊరు పోయింది. చివరికి సెగెడ్ కూడా పోయింది.

సెగెడ్ కొట్టేయడానికి నాకు వారం పట్టింది. సెంట్-జ్యోర్జీ పనిచేసిన ఊరు అదే, పప్రికాకు పేరున్నదీ అదే. కానీ రైల్లో రానూ పోనూ దాదాపు ఐదు గంటలు. అంటే ఉన్న నాలుగు నిండు రోజుల్లో ఒకటి పోయినట్టే. నేనొక్కదాన్నే పోయొస్తానని కూడా అనుకున్నాను. భాష తెలియని ఊళ్లో వాళ్లిద్దరినీ వదిలి పోవాలంటే మనసొప్పలేదు. నోటుబుక్కులో ఆ పేరు మీద గీత పెట్టినప్పుడు బాధేసింది. ఇప్పటికీ కొంచెం ఉంది.

ఇంకొక తప్పు మాత్రం ఇంట్లో ఉండగానే దొరికింది. అక్కడి పెద్ద మార్కెట్ హాలును నేను ఆదివారానికి పెట్టాను. సెలవు రోజు కదా, సందడిగా ఉంటుందని మన లెక్క. మేం చూసినప్పటి వేళల ప్రకారం ఆ హాలు ఆదివారం మూసేసేవాళ్లు, శనివారం కూడా తొందరగానే. సోమవారాలు మ్యూజియాలు చాలావరకు ఉండవు. దాంతో మొత్తం తిరగేశాను. మార్కెట్ శనివారం పొద్దునకు మారింది. బయట తిరిగి చూసే బుడా కోట ప్రాంతం సోమవారానికి పోయింది. పార్లమెంటు భవనం లోపలికి గైడుతోనే పోనిస్తారు, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయి. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు ఫోన్ పట్టుకొని కూర్చునే వాళ్లం కాబట్టి ఈ పని మాకు కొత్త కాదు. శుక్రవారం పొద్దున ఇంగ్లీషు గైడు ఉన్న స్లాటు దొరికింది. యూరోపియన్ యూనియన్ పౌరులకు ఒక ధర, మనలాంటి వాళ్లకు ఎక్కువ ధర. అది చూసుకొని బడ్జెట్ వేసుకోవాలి.

వీసా గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే మన వాళ్లు ఎక్కువ తడబడేది అక్కడే.

హంగరీ 2007 నుంచి షెంజెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల్లో ఉంది. కొద్ది రోజుల పర్యటనకు షెంజెన్ వీసా తీసుకోవాలి. ఒకటికి మించి దేశాలు తిరిగేట్టయితే ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశం దగ్గరే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. కానీ ఆ చివరి తేదీని నమ్ముకుంటే టెన్షన్ తప్పదు. మే ప్రయాణానికి మేం మార్చిలోనే వెళ్లాం. మేం వెళ్లినప్పుడు పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, అంటే అప్పటి మన డబ్బులో ఎనిమిది వేల పైమాట. దరఖాస్తు కేంద్రం సర్వీసు చార్జీ వేరే. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ప్రయాణ బీమా ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ దాటాక ఇంకో మూడు నెలలైనా చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

కాగితాల్లో అన్నిటికంటే ఆలస్యమైంది నా ఎన్‌ఓసీ, అంటే నేను విదేశం పోవడానికి ఉద్యోగం ఇచ్చిన వాళ్లకు అభ్యంతరం లేదనే పత్రం. దరఖాస్తు పెట్టిన చోట ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు పోవడానికి మూడు వారాలు పట్టింది. రోజూ మధ్యాహ్నం క్లాసు అయ్యాక వెళ్లి నిలబడేదాన్ని. ఉద్యోగం చేసేవాళ్లు టికెట్ కంటే ముందు ఈ కాగితం మొదలుపెట్టుకోవాలి. అక్క రిటైరైన టీచరు కాబట్టి పింఛను కాగితాలు సరిపోయాయి.

అక్క విషయంలో రెండు చిక్కులొచ్చాయి. మొదటిది పేరు. తన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరంతా ఒకే గడిలో ఉంది. మన ఇళ్లలో ఇంటిపేరును పొడి అక్షరంగా రాసుకోవడం అలవాటు కాబట్టి ఇలాంటి పాస్‌పోర్టులు చాలా ఉంటాయి. విమానం టికెట్ తీసే సైటు ఆ గడి నింపనిదే ముందుకు పోలేదు. నేను ఆలోచించకుండా మా బావ వాళ్ల ఇంటిపేరు కొట్టేశాను. అది పాస్‌పోర్టులో ఎక్కడా లేదు. బీమా ఫారం నింపేటప్పుడు గానీ గమనించలేదు. గుండె జారిపోయింది. రెండు రోజులు ఫోన్లు చేసి, నాలుగు వేలు కట్టి సరిచేయించాను. ఇంటిపేరు లేని పాస్‌పోర్టుకు టికెట్ మీద పేరు ఎలా వేయాలో విమాన సంస్థను ముందే అడగండి, తర్వాతే డబ్బు కట్టండి.

రెండోది డబ్బు. వీసాకు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టాం. అక్క ఖాతాలో ఫిబ్రవరిలో ఒక్కసారిగా లక్షన్నర పడింది. అది గడువు తీరిన ఫిక్సెడ్ డిపాజిట్. చూసేవాళ్లకు మాత్రం వీసా కోసం ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి వేసినట్టు కనిపిస్తుంది. అందుకని డిపాజిట్ రసీదు, బ్యాంకు ఇచ్చిన లేఖ రెండూ జతచేశాను. కౌంటర్ దగ్గర అమ్మాయి సరిగ్గా ఆ వరస మీదే వేలు పెట్టి అడిగింది. కాగితం చూపించాను, తల ఊపి ముందుకు పోయింది.

చెన్నైకి తెల్లవారుజామున మూడున్నర బస్సుకు వెళ్లాం. పుత్తూరు దాటేసరికి అక్క నిద్రపోయింది, ఒడిలో ఫైలు మాత్రం వదల్లేదు. కేంద్రంలో వేలిముద్రలు తీసుకునేటప్పుడు తన వేళ్లు మిషన్‌కు పడలేదు. ముప్పై ఐదేళ్లు సుద్దముక్క పట్టిన చేతులు, అంతకంటే ఎక్కువ కాలం అంట్లు తోమిన చేతులు. తుడిచి, కొంచెం తడి చేసి, నాలుగోసారికి తీసుకున్నారు. ఒకసారి ఇచ్చిన ముద్రలు 59 నెలలు పనికొస్తాయని చెప్పారు. "అయితే ఐదేండ్లలో ఇంకోసారి పోవచ్చు" అంది అక్క. నేను అప్పుడే ధైర్యపడ్డాను. పదహారు రోజులకు పాస్‌పోర్టులు కొరియర్‌లో వచ్చాయి.

వీసా చేతికి వచ్చేదాకా బసకు డబ్బు కట్టలేదు, రద్దు చేసుకునే వీలున్నదే తీసుకున్నాను. కాల్విన్ కూడలి దగ్గర వంటగది ఉన్న చిన్న ఫ్లాటు. రెండు మెట్రో లైన్లు, ట్రాములు అక్కడే కలుస్తాయి, మార్కెట్ హాలుకు నడిచి పోవచ్చు. ఊరి మధ్యలో రోజుకు వెయ్యి రూపాయలు ఎక్కువైనా సరే అనుకున్నాను. అక్క మోకాళ్లకు ఆ వెయ్యి రూపాయలు నిజంగా పనికొచ్చాయి.

ఇక తిండి. అక్క గుడ్డు కూడా ముట్టదు. మా ఆయనా నేనూ కోడి, చేప తింటాం, గొడ్డుమాంసం తినం. హంగరీ వంట అనగానే అందరూ చెప్పే గులాష్ మామూలుగా గొడ్డుమాంసంతో కాచే పలుచని సూపు. దాన్ని మొదట్లోనే పక్కన పెట్టేశాం. అసలు చిక్కు కనిపించే మాంసంతో కాదు. చిక్కుడు గింజల సూపులో పంది ముక్క, కూరలో పంది కొవ్వు ఉండొచ్చు. పేరు చూసి శాకాహారం అనుకుంటే పొరపాటే. అందుకని ఫిబ్రవరి అంతా రాత్రిళ్లు వాళ్ల మెనూ చదవడం నేర్చుకున్నాను. ఆ భాషలో ఎస్ అక్షరాన్ని ష అని పలకాలి, ఎస్ పక్కన జెడ్ ఉంటే స అవుతుంది, సి పక్కన ఎస్ ఉంటే చ అవుతుంది. ఊరి పేరును వాళ్లు బుదపెష్ట్ అంటారు. హూష్ అంటే మాంసం, మర్హ గొడ్డుది, షెర్తేష్ పందిది, చిర్కె కోడి, తొయాష్ గుడ్డు, గొంబ పుట్టగొడుగు. ఈ ఆరు మాటలు అట్ట ముక్క మీద రాసి అక్కకు ఇచ్చాను. బళ్లో పిల్లలకు ఎక్కాలు నేర్పినట్టు తనే మా ఆయనకు అప్పజెప్పించింది.

అక్క తినగలిగేవి వెతకగా వెతకగా బాగానే దొరికాయి. కూరగాయనో పప్పునో ఉడికించి, పిండీ మీగడా కలిపి చిక్కగా చేసే ఫోజెలేక్. పుల్లని చెర్రీలతో చేసే చల్లని సూపు. పులిసిన పిండిని పెద్ద అప్పంలా నూనెలో కాల్చి వెల్లుల్లి రాసే లాంగోష్. మా ఇద్దరికీ పప్రికా కోడికూర, దాంతో పెట్టే నొకెడ్లి అనే పిండి ముద్దలు. ఇవి తినాలి అని రాసుకున్నాను గానీ ఫలానా హోటల్లోనే తినాలని రాసుకోలేదు. ఆకలేసిన వేళకు దగ్గర్లో ఏది ఉంటే అందులో ఈ పేర్లు వెతుక్కోవడమే.

సామాను సర్దేటప్పుడు అక్క బాధపడిన సంగతి ఒకటుంది. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకుపోనివ్వరు. నెయ్యి సీసా, పాలకోవా తీసేశాం. ఫ్లాటు ఇచ్చిన ఆమెకు శ్రీవారి లడ్డు ఇవ్వాలని అక్క ఆశ. అందులో నెయ్యి ఉంది కాబట్టి వద్దన్నాను. పచ్చి కరివేపాకు కూడా పోనివ్వరు. మొక్కల తెగుళ్లు ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి ఆకుల మీదే ప్రయాణిస్తాయని క్లాసులో చెప్పేదాన్ని, ఇంట్లోనే దొంగతనంగా పెట్టుకుంటే ఎట్లా? పప్పుల పొడి, మామిడికాయ ఊరగాయ, రసం పొడి మాత్రం గట్టిగా సీలు వేయించి తీసుకున్నాం. అక్కడి స్టవ్ ఇండక్షన్ అని ముందే అడిగి తెలుసుకున్నాం కాబట్టి అల్యూమినియం గిన్నె మోసుకుపోలేదు.

తిరుపతిలో 41 డిగ్రీల ఎండలో బయల్దేరి చెన్నై నుంచి దుబాయ్ మీదుగా దిగేసరికి అక్కడ 18 డిగ్రీలు. విమానాశ్రయం నుంచి ఊరి మధ్యకు 100ఈ అనే బస్సుంది, దానికి టికెట్ వేరే తీసుకోవాలి, మామూలు పాస్ పనికిరాదు. ఆ సాయంత్రానికి పెట్టుకున్నది ఒక్కటే పని, 2వ నంబరు ట్రాము ఎక్కి నది ఒడ్డున ఆ చివరి నుంచి ఈ చివరికి పోవడం. 1849లో తెరిచిన చెయిన్ బ్రిడ్జి, అవతల గుట్ట మీద కోట, ఇవతల పార్లమెంటు, అన్నీ సీట్లోంచే కనిపించాయి. బుడా, ఒబుడా, పెష్ట్ అనే మూడు ఊళ్లు 1873లో కలిసి ఒక నగరమయ్యాయని చదివాను. మధ్యలో నది ఉంది కాబట్టి, మనసులో ఇప్పటికీ అవి రెండు ఊళ్లేనని ఆ ట్రాములో అర్థమైంది.

పార్లమెంటు గుమ్మటం ఎత్తు 96 మీటర్లు. ఊళ్లోని సెయింట్ స్టీఫెన్ చర్చి ఎత్తూ 96 మీటర్లే. హంగరీ వాళ్ల పూర్వీకులైన మగ్యార్ తెగలు ఈ నేలకు వచ్చింది 896లో అని లెక్క, 1896లో వెయ్యేళ్ల పండగ చేసుకున్నారు. అందుకే ఆ అంకె. లోపల గుమ్మటం కింద వాళ్ల పవిత్ర కిరీటం ఉంటుంది, కాపలా సైనికులు కదలకుండా నిలబడి ఉంటారు. నేను పార్లమెంటు కంటే ఎక్కువసేపు నిలబడింది దాని పక్కన నది గట్టు మీద. అక్కడ 60 జతల ఇనుప చెప్పులు, బూట్లు ఉన్నాయి. 1944-45లో యారో క్రాస్ అనే నాజీ అనుకూల ముఠా యూదులను ఇక్కడ వరసగా నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలో పడేసింది. వాళ్ల గుర్తుగా 2005లో పెట్టారు. వాటిలో పిల్లల జత కూడా ఉంది. అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అలిపిరిలో మనం విడిచిపెడితే మళ్లా వచ్చి తొడుక్కుంటామని కదా మే" అంది. ఆ రోజు మధ్యాహ్నానికి ఇంకేమీ పెట్టుకోకపోవడం మంచిదైంది. గదికి పోయి అన్నం, రసం పెట్టుకొని తిన్నాం.

శనివారం పొద్దున ఎనిమిదికే మార్కెట్ హాలులో ఉన్నాం. 1897లో కట్టిన ఇనుప కమ్ముల భవనం, రైల్వే స్టేషన్‌లా ఎత్తైన కప్పు, మీద రంగు రంగుల పెంకులు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా ఎండు మిరపకాయల దండలు. గుమ్మానికి తోరణం కట్టినట్టు అంగడి అంగడికీ వేలాడుతున్నాయి. నాకు కళ్లు చెమర్చాయి. పొడి డబ్బాల మీద రెండు మాటలు చూసుకోవాలి. ఏదెష్ అంటే తీపిది, చీపోష్ అంటే కారంది. సెగెడ్ పొడి, కలోచ పొడి, ఈ రెండు ఊళ్లకే పేరు. తీపి పొడి చిటికెడు నాలుక మీద వేసుకుంటే ఎండిన టమాటా, కాస్త బెల్లం గుర్తొచ్చాయి, కారం అసలే లేదు. పక్కన పచ్చివి, లేత పసుపు రంగులో, అరచేయంత కాయలు కుప్పలుగా ఉన్నాయి. సెంట్-జ్యోర్జీ వాడింది ఎండు పొడి కాదు, ఇలాంటి పచ్చికాయలనే. ఎండితే విటమిన్ సి చాలావరకు పోతుంది. ఒక కాయ కొని అక్కడే కొరికాను. సెగెడ్ పోలేకపోయిన బాధ సగం తీరింది.

అక్కకు నచ్చింది నేలమాళిగ. అక్కడంతా ఊరబెట్టిన కూరగాయల అంగళ్లు. దోస, క్యాబేజీ, మిరప, ఉల్లి, అన్నీ ఉప్పునీళ్లలోనో వెనిగర్‌లోనో. నూనె, ఆవపిండి లేకుండా ఊరగాయ ఎట్లా నిలవ ఉంటుందని అంగడామెను సైగలతో అడిగింది. ఆమె నవ్వి ఒక దోస ముక్క చేతిలో పెట్టింది. పై అంతస్తులో లాంగోష్ కొన్నాం. మీగడ, చీజ్ వేసినది రెండు వేల ఫోరింట్లు దాటింది. అప్పుడు రూపాయికి నాలుగు ఫోరింట్ల పైన వస్తోంది, అంటే దాదాపు ఐదు వందల రూపాయలు. అక్క వెల్లుల్లిది మాత్రమే తీసుకొని, సంచిలోంచి పప్పుల పొడి తీసి పైన చల్లుకుంది. మేమిద్దరం కూడా చేయి చాపాం.

ఆదివారం మెట్రో 1వ లైనులో సిటీ పార్కుకు పోయాం. 1896లో మొదలైన ఈ లైను ఐరోపా ప్రధాన భూభాగంలో మొట్టమొదటి భూగర్భ రైలు. రోడ్డుకు కాస్త కిందే ఉంటుంది, మెట్లు తక్కువ. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఇది చాలా మేలు, మిగతా లైన్లు బాగా లోతు. పార్కులో 1913లో తెరిచిన సెచేని స్నానశాల ఉంది, భూమిలోంచి వచ్చే వేడినీళ్లు. ఈత దుస్తులు తప్పనిసరి అనేసరికి అక్క రానంది. మా ఆయన ఒక్కరే పోయారు. మేం చెట్టు కింద బెంచీ మీద కూర్చొని రెండు గంటలు మాట్లాడుకున్నాం. చిన్నప్పటి నుంచి చెప్పుకోని మాటలు కొన్ని అక్కడ చెప్పుకున్నాం.

ఆ రాత్రి ఒక చిన్న భోజనశాలలో పప్పు ఫోజెలేక్ దొరికింది. అట్ట ముక్క చూపించి అడిగి, మాంసం, కొవ్వు లేవని రూఢి చేసుకున్నాక అక్క మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. "ఇది మన పప్పే మే. తిరగమాత పెట్టడం మరిచిపోయినారు" అని గిన్నె ఖాళీ చేసింది. నేను తిన్న పప్రికా కోడికూర ఎర్రగా మెరుస్తూ ఉంది, మన కళ్లకు మంటెత్తించే ఎరుపు. నోట్లో పెట్టుకుంటే కమ్మగా, మీగడ రుచి. కన్ను ఒకటి చెబుతుంటే నాలుక ఇంకొకటి చెప్పడం నాకు చాలా వింతగా అనిపించింది.

సోమవారం 16వ నంబరు బస్సులో కోట గుట్ట ఎక్కి, ఫిషర్‌మెన్స్ బాస్టియన్ అనే బురుజుల కట్టడం కింది వసారాల్లో కూర్చొని, నది అవతల ఊరంతా ఒక్క చూపులో చూశాం. టికెట్ పై బురుజులకే.

ముగ్గురికీ అన్నీ కలిపి మూడు లక్షల ముప్పై వేల దాకా అయింది. సగానికి పైగా విమానం టికెట్లకే. డబ్బు విషయంలో రెండు జాగ్రత్తలు పనికొచ్చాయి. నగదు కావాలంటే బ్యాంకు ఏటీఎంలోనే తీసుకోవాలి, సందర్శకులు తిరిగే చోట్ల కనిపించే మిగతా మిషన్ల రేటు దారుణంగా ఉంటుంది. కార్డు గీసేటప్పుడు రూపాయల్లోనా ఫోరింట్లలోనా అని అడిగితే ఫోరింట్లే అనాలి. హోటలు బిల్లులో సర్వీసు చార్జీ ముందే కలిపి ఉందేమో చూసుకొని తర్వాత టిప్పు ఇవ్వాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు, మేం రోజూ సీసాలు నింపుకొనే తిరిగాం.

జూలైలో కాలేజీ తెరిచాక సొలనేసి పాఠం వచ్చిన రోజు సెగెడ్ పొడి ప్యాకెట్టు క్లాసుకు పట్టుకెళ్లాను. పక్కన చిన్న సీసాలో గుంటూరు కారం. రెండూ బెంచీల వెంట తిప్పమన్నాను. పిల్లలు వాసన చూశారు, కొందరు వేలు అద్ది నాలుక మీద పెట్టుకున్నారు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి నిలబడి, "మేడం, రెండూ ఒకే జాతి అంటున్నారు కదా, మరి ఈ కాయలో కారం ఎటు పోయింది?" అని అడిగింది. పుస్తకం మూసేసి, మిరపకాయను నిలువుగా కోసి, గింజలు అంటుకొని ఉండే తెల్లటి పొర చూపించి, కారమంతా తయారయ్యేది ఇక్కడే అని మొదలుపెట్టాను.